గుడ్డు ఎవరిది?

ఈ వారం మీ ముందు ఒక చిన్న ప్రశ్న పెడుతున్నాను. అది ఒక కోడిగుడ్డు గురించి. ఇంతేనా అని తేలికగా తీసుకోకండి.

పాడేరు ఏజెన్సీలోనో, భద్రాచలం అడవుల్లోనో కొండమీద ఒక గూడెం ఉందనుకోండి. ఆరు నెలల గర్భిణి ఒకామెకు అంగన్‌వాడీ కేంద్రంలో ఉడికించిన గుడ్డు ఇచ్చారు. ఆమె తినలేదు. కొంగున కట్టుకొని ఇంటికి తీసుకువెళ్ళి, మూడు ముక్కలు చేసి ముగ్గురు పిల్లలకు పెట్టింది. ఆ ప్రాంతాల్లో పనిచేసిన సిస్టర్లను, ఉపదేశులను అడిగి చూడండి. ఇలాంటి తల్లిని మేమూ చూశామనే చెబుతారు. ఆ గుడ్డు ఆమె కోసం ఇచ్చినది, ఆమె కడుపులోని బిడ్డ కోసం ఇచ్చినది. మరి ఆమె చేసిన పని తప్పా, ఒప్పా?

సాధారణంగా రెండు జవాబులు వినిపిస్తాయి. "తెలివిలేని మనుషులు, ఎంత చెప్పినా వినరు" అనేది ఒకటి. "ఆహా! తల్లి ప్రేమంటే అది, ఎంత త్యాగం!" అనేది మరొకటి. మొదటిది అహంకారమని మనకు వెంటనే తెలిసిపోతుంది. రెండవది వినడానికి తీయగా ఉంటుంది, గుడిలో ప్రసంగానికి కూడా పనికివస్తుంది. నాకు మాత్రం ఈ రెండవ మాటంటేనే ఎక్కువ భయం. ఎందుకో చెబుతాను.

ముందు ఆ త్యాగానికి అయ్యే ఖర్చెంతో చూద్దాం. గర్భిణి మామూలుగా తినేదానికంటె రోజుకు మరో 350 కేలరీల ఆహారం తినాలని, పాలిచ్చే తల్లి మొదటి ఆరు నెలలు మరో 600 కేలరీలు తినాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. పుట్టిన తర్వాత కొన్ని నెలలపాటు తనకు కావలసిన ఇనుమును బిడ్డ ముఖ్యంగా చివరి మూడు నెలల్లో తల్లి రక్తంనుంచే కూడబెట్టుకుంటుంది. తల్లికే లేకపోతే ఎక్కడనుంచి తెచ్చుకుంటుంది? 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశపు గర్భిణుల్లో 52 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. ఐదేళ్ళలోపు గిరిజన పిల్లల్లో దాదాపు 41 శాతం మంది వయసుకు తగిన ఎత్తు ఎదగలేదు. కొండల్లో మలేరియా, కొంకి పురుగులు వేరే రక్తాన్ని తినేస్తాయి. కాన్పులో ఆరోగ్యవంతురాలు తట్టుకోగల రక్తస్రావమే రక్తం లేని తల్లి ప్రాణం తీస్తుంది. అప్పుడు ఆ ముగ్గురు పిల్లలకు గుడ్డు ముక్క పెట్టే చెయ్యే ఉండదు.

ఆమెకు ఇదంతా తెలియదు కాబట్టి నేర్పాలి అంటారా? నేర్పాలి, నిజమే. కాని ఆమెకు తెలిసిన సంగతులు కొన్ని మనకు తెలియవు. ఎక్కువ తింటే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుందని భయపడే తల్లులున్నారు. మైదానంలో మన అమ్మమ్మలు కూడా ఈ మాట అనేవారు. రోడ్డు పక్కన కాపురముంటున్న మనకు అది మూఢనమ్మకం. నొప్పులు మొదలైతే డోలీ కట్టి, ఇద్దరు మగవాళ్ళు భుజాలమీద మోసుకొని, కొండ దిగి, వాగు దాటి, అంబులెన్సు ఆగేచోటికి చేర్చవలసిన గూడెంలో మాత్రం దాని వెనుక ఒక లెక్క ఉంది. చిన్న బిడ్డయినా సరే, సులువుగా పుడితే చాలునని ఆ తల్లి లెక్క. అది తప్పు లెక్కే. రెండున్నర కిలోలకు తక్కువగా పుట్టిన బిడ్డ బతికి బట్టకట్టడం కష్టం. అయినా రోడ్డు వేయకుండా, పటాలు చూపించి ఆ లెక్కను సరిచేయగలమా?

"అయితే కేంద్రంలోనే కూర్చోబెట్టి ఎదుటే తినిపిద్దాం" అన్నారు పెద్దలు. 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అమృతహస్తం, 2015లో తెలంగాణలో ఆరోగ్యలక్ష్మి అలా మొదలైనవే. అన్నం, పప్పు, గుడ్డు, పాలు, పూట భోజనం అక్కడే. ఎదుట కూర్చుని తినమనడం అవమానమని కొందరంటారు. నేను పూర్తిగా ఒప్పుకోను. ఇంట్లో అత్తగారికంటె, మగవాళ్ళకంటె ముందు కంచం ముందు కూర్చోలేని కోడలికి "అక్కడే తినాలట అత్తా, ఇంటికి ఇవ్వరట" అని చెప్పుకునే వీలు దొరుకుతుంది. ఆ ఒక్క మాట ఎందరి కడుపు నింపిందో! అయితే కేంద్రం రెండు కొండల అవతల ఉంటే నిండు నెలల మనిషి రోజూ ఎక్కి దిగలేదు. వెళ్ళినా, చంకలోని పిల్లవాడు ఆకలితో నోటివంక చూస్తూ ఉంటే ఏ తల్లికి ముద్ద దిగుతుంది? మిగిలిన పిల్లల ఆకలి తీరనంతవరకు తల్లి గుడ్డు తల్లి కడుపులో పడదు. తల్లి ఒక్కతే ఉన్నట్టు, ఆమెకు ఇల్లే లేనట్టు లెక్కలు వేసిన ప్రతిచోటా ఆ గుడ్డు కొంగులోకి చేరింది.

ఇంతకూ గుడ్డు ఎవరిది? ఈ పథకాలు ప్రజల హక్కులని 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆదేశించింది. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం ప్రకారం గర్భిణికి, కాన్పు తర్వాత ఆరు నెలలవరకు బాలింతకు ఉచిత భోజనం హక్కు. ఆరు నెలలు దాటిన పిల్లలకు ఆరేళ్ళవరకు వాళ్ళ వాటా వాళ్ళకుంది. కాబట్టి గుడ్డు ఆమెదే. సర్కారు భిక్ష అనుకోవద్దు, మన దానం అసలే కాదు. తన సొమ్మును తన పిల్లలకు పంచిన మనిషిని నిందించడానికి మనమెవరం?

నింద పోయింది, బాగుంది. మరి పొగడ్త? ఒక్క గుడ్డు నాలుగు ప్రాణాలకు సరిపెట్టవలసిన ఇంటిని చూసి, పంచిన చేతిని మెచ్చుకుంటాం. నాలుగు గుడ్లు ఎందుకు లేవని అడగం. మెచ్చుకోలుకు పైసా ఖర్చు లేదు, అడిగితే మాత్రం మన జేబుదాకా వస్తుంది.

ఎలా వస్తుందంటారా? ఆ కొండల్లో ఏమీ పండదని అనుకోకండి. రాగులు, సామలు, కొర్రలు, కందులు, పనస పండుతాయి. చింతపల్లి వైపు రాజ్మా పండుతుంది. నూరు గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా సున్నం ఉంటే, తెల్లగా ఆడించిన బియ్యంలో 10 కూడా ఉండదు. ఉప్పుకు, బట్టకు, అప్పుకు డబ్బు కావాలి గనుక రాజ్మాను సంతలో వ్యాపారి చెప్పిన ధరకు అమ్ముకుంటారు. అది పట్నాల వంటిళ్ళకు చేరుతుంది. మనం చౌకగా కొనుక్కున్న ఆ మాంసకృత్తులు అసలు ఎవరి కంచంలోంచి వచ్చాయి? బదులుగా కొండకు బియ్యం వెళ్ళింది. 1983లో వచ్చిన రెండు రూపాయల బియ్యం లక్షల ఇళ్ళలో పొయ్యి వెలిగించింది, కాదనేవారు లేరు. కాని అంబలి కుండ ఉన్నచోట తెల్లన్నం ఒక్కటే మిగిలిన ఇళ్ళు కూడా తయారయ్యాయి. తెలంగాణ ఏజెన్సీలో ఇక్రిశాట్ సాయంతో నడిపిన గిరిపోషణలో జొన్నలు, చిరుధాన్యాలు, పప్పులతో తయారుచేసిన ఆహారాన్ని తల్లులకు, పిల్లలకు పెట్టారు. నాకు ఆ దారి నచ్చింది. ఆకలిగా ఉన్నవాళ్ళకు ఏం పెట్టాలని ఆలోచించేవారే గాని, వాళ్ళు ఏం తినేవారని అడిగేవారు తక్కువ.

ఏలియా ప్రవక్తకు రొట్టె చేసిపెట్టిన వితంతువు కథ మీకు తెలిసినదే. ఆమె దగ్గర ఉన్నది పిడికెడు పిండి, కొద్దిగా నూనె. కొడుకుతోపాటు అది తిని చనిపోదామనుకున్న తల్లి. ఆమె ఔదార్యం గురించి ఎన్నో ప్రసంగాలు విన్నాం. ఆ తర్వాత పిండి కుండ ఖాళీ కాలేదు, తల్లీ కొడుకూ ఎన్నో రోజులు తిన్నారు. ఆ వాక్యాన్ని మాత్రం గబగబా చదివి దాటిపోతాం.

మన విచారణల్లోని ఇళ్ళు వేరేగా ఉన్నాయా? ఆదివారం పూజనుండి వచ్చి కోడికూర వండిన తల్లి అందరికీ వడ్డించి, చివరికి గిన్నె అడుగున ఉన్న పులుసుతో తిని "నాకు ముక్కలంటే అంత ఇష్టం ఉండదులే" అంటుంది. నలభై ఏళ్ళుగా ఆ మాటను మనం నమ్ముతున్నాం! పైన చెప్పిన 52 శాతంలో మన కోడళ్ళు, కూతుళ్ళు కూడా ఉన్నారు. కొండ తల్లికి పోషకాహారం గురించి చెప్పడానికి వెళ్ళేవారు ఈ సంగతి మనసులో ఉంచుకుంటే మంచిది.

మన యువజన సంఘాలు క్రిస్మస్‌కు దుప్పట్లు పట్టుకొని కొండలెక్కుతాయి. మంచి పనే. కాని అసలు కష్టం జూన్ తర్వాత, పాత గింజలు అయిపోయి, కొత్త పంట ఇంకా చేతికి రాని రోజుల్లో మొదలవుతుంది. అప్పటికి వాగులు పొంగి ఉంటాయి. గుడ్ల బండి రోడ్డు ఆగిపోయిన చోటే దించి వెళ్ళిపోతుంది. అక్కడినుంచి అంగన్‌వాడీ కార్యకర్తో, ఆయమ్మో ఆ అట్టలను నెత్తిన పెట్టుకొని, ఒక చేత్తో చీర ఎత్తిపట్టుకొని బురదలో కొండ ఎక్కాలి. కాలు జారి నాలుగు పగిలితే, వాటిని రిజిస్టరులో ఎవరి పేరున రాయాలో ఆమెకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.