సూదిమొన – తితిక్ష

సూరత్ నగరమున మరమగ్గములపై జీవించు తెలుగు పద్మశాలీలు పెక్కుమంది కలరు. ఆ యంత్రముల హోరుకు చలింపనివాడైనను, శస్త్రచికిత్సకు ముందు మత్తుమందు సూదిని చూచి వణకవచ్చును. ఇది పిరికితనమా? కాదు. కొందరికి సూదిని చూచినంతనే రక్తపుపోటు తగ్గి మూర్ఛ వచ్చును, అది దేహధర్మము.

శ్రీరామకృష్ణుల శిష్యులైన స్వామి తురీయానందులు (1863–1922) మత్తుమందు లేకయే శస్త్రచికిత్సను సహించిరి. ఐనను ఒకమారు వైద్యుడు ముందుగా తెలుపక కత్తి పెట్టగా వారికిని బాధ కలిగెను. తెలిపియున్నచో మనస్సును దేహమునుండి మరల్చుకొని యుందునని వారు చెప్పిరందురు. అంతటివారికే ముందుమాట అవసరమైనప్పుడు, సామాన్యుడు తన భయమును వైద్యునికి విన్నవించుకొనుటలో సిగ్గేల? పరుండి సూది వేయించుకొనవచ్చును. చూపు మరల్చి ఇష్టదైవమును స్మరింపవచ్చును. వణకుచునైనను చేయి చాచినవాడు తితిక్షను అభ్యసించుచునే యున్నాడు.