దేన్ని చీకటికి వదిలేస్తాం?

పాడేరు దగ్గర వంజంగి కొండెక్కి సూర్యోదయం ఫొటో తీయాలంటే, దేన్ని వదులుకోవాలో ముందు తేల్చుకోవాలి. కింద పాలసముద్రంలా మబ్బులు, ఎదురుగా ఎండ, పక్కన ఇంకా వెలుగు చేరని కొండవాలు. మన కళ్లు అటూ ఇటూ తిరుగుతూ మూడింటికీ సర్దుకుంటాయి. కెమెరా ఒక్క క్లిక్‌లో అలా సర్దుకోలేదు. డిజిటల్ ఫొటోలో వెలుగు పూర్తిగా తెల్లగా కాలిపోతే తిరిగి రాదు, నీడనైతే తర్వాత కొంత పైకి లాగొచ్చు. అందుకే చాలామందిమి మబ్బులకే ఎక్స్‌పోజర్ పెడతాం. కొండవాలు నల్లబడుతుంది.

1927లో యోసెమిటీలో హాఫ్ డోమ్‌ని తీస్తూ ఆన్సెల్ ఆడమ్స్ ఎర్ర ఫిల్టర్ వేసి, పగటి ఆకాశాన్ని దాదాపు నల్లగా మార్చాడు. అది అబద్ధమని నేననుకోను. ఆ బండ తనకెలా అనిపించిందో చెప్పడానికి లేత ఆకాశాన్ని వదులుకున్నాడు. ఆ సంగతి దాచలేదు కూడా.

కాబట్టి నా పేచీ నలుపుతో కాదు, అలవాటుతో. పాడేరు కొండవాలుల్లో ఆదివాసీల ఊళ్లున్నాయి, కాఫీ తోటలున్నాయి. నేను చూసిన వంజంగి ఫొటోల్లో అవి దాదాపు కనిపించవు. ఒకరు ఒకసారి వదిలేస్తే అది ఎంపిక. అందరం ప్రతిసారీ దాన్నే వదిలేస్తుంటే, అక్కడ మనుషులే లేరేమో అనిపిస్తుంది చూసేవాళ్లకి. హెచ్‌డీఆర్‌లో అన్నిటినీ సమానంగా వెలిగించేస్తే సరిపోదు, అప్పుడు తెల్లవారుజామే మాయమైపోతుంది. మబ్బు విడిపోయేదాకా ఉండి, ఎండ ఆ వాలు మీదికి దిగాక ఇంకో ఫొటో తీయొచ్చు. దానికి లైకులు తక్కువే వస్తాయి. అయినా రెండూ పక్కపక్కన పెట్టాలనే నాకనిపిస్తుంది.