చేనిగట్టు నిప్పు

ఖాండవవనాన్ని అగ్నిదేవుడు తినడానికి ఒక కారణం ఉంది. శ్వేతకి రాజు యాగాల్లో నెయ్యి తాగి తాగి ఆయనకు అజీర్తి చేసిందని భారతం చెబుతుంది. మా గుట్ట కాలడానికి అంత కథ లేదు. సుగ్గికి, అంటే మిరపకోతల వలసకు, గుంటూరు పోయే తొందరలో చేనిగట్టు మీది చెత్తకు నేనే నిప్పు పెట్టాను. ఆరిందనుకుని బండెక్కాను. గాలి దాన్ని బోదగడ్డిలోకి మోసుకుపోయింది. మిరపకోతల నెలల్లో మా ఆలూరు వైపు పల్లెల్లో మిగిలేది ముసలివాళ్లు, పిల్లలే. ఆర్పేదెవరు?

తిరిగొచ్చాక, "దేవుని గుట్ట, దేవుడే చూసుకుంటాడులే" అన్నారు అందరూ. ఆ మాట నాకు హాయిగానే ఉండింది. మా పెద్దమ్మ ఒప్పుకోలేదు. "నిప్పు పెట్టేటప్పుడు దేవుణ్ణి అడిగినావా? టెంకాయ కొడితే పోయే పాపం కాదురా ఇది" అనింది.

మరి ప్రాయశ్చిత్తం ఏది? మొక్కలు నాటుదామనుకున్నాను. కానీ మెట్ట అడవికి ప్రాణం వేర్లలో ఉంటుంది. మేక నోరు, మరో నిప్పు తగలకుంటే కాలిన జమ్మి మోడు మళ్లీ చిగురిస్తుంది. చెన్నేకొత్తపల్లి దగ్గర కల్పవల్లిలో 1990ల నుంచి టింబక్టు కలెక్టివ్‌తో కలిసి ఊళ్లవాళ్లు కాపాడుకున్న 7,000 ఎకరాలకు పైగా బీడు పచ్చబడింది ముఖ్యంగా కాపలాతో.

అందుకే గుట్ట అంచున పట్టాలున్న తొమ్మిదిమందిమి కూర్చుని ఒక మాట అనుకున్నాం. పుష్యంలో ఎవరి గట్టు వెంట వాళ్లు పది అడుగుల గడ్డి చెక్కాలి. మూడేళ్లు గుట్టకు మేకలు తోలకూడదు. గడ్డి కోసి కాపరులకు ఇవ్వాలి. సుగ్గి నెలల్లో వంతులవారీగా ఇద్దరు ఊళ్లో ఆగాలి, వాళ్ల కూలి మిగతావాళ్లు భరించాలి. ఈ చివరి మాట దగ్గర మూడు రాత్రులు తగవు నడిచింది. పుణ్యం ఖరీదు అక్కడే తెలిసింది.

శమీవృక్షం, అంటే మన జమ్మి, గర్భంలో అగ్ని ఉన్నాడంటారు పెద్దలు. శమి అన్న పేరుకు మాత్రం శాంతింపజేసేదని అర్థం. చెట్టులో రెండూ ఉన్నాయి. ఏది బయటికి రావాలో మన చేతిలో ఉంది. దసరాకు దేవరగట్టులో మాళ మల్లేశ్వరుని బన్ని ఉత్సవం చూసొచ్చి, ఆ జమ్మి ఆకునే బంగారమని పంచుకుంటాం. చెట్టును కాల్చి ఆకుకు మొక్కడం భక్తి అనిపించుకోదు.

గట్టుకు నిప్పు పెట్టే ముందు గాలి ఎటుందో అందరం చూస్తాం. ఆర్పడానికి ఊళ్లో ఎందరున్నారో కూడా చూడండి.