అడుగకుండ వచ్చిన విశ్రాంతి

గడచిన వేసవిలో ఒక సాయంకాలము కరెంటు పోయి, వచ్చి, మరల పోయి వచ్చెను. ఆ తరువాత మా బల్లమీది కంప్యూటరు లేవలేదు. కాలిన వాసన మాత్రము వచ్చినది. పట్టణములో బాగుచేయువాడు దానిని విప్పి, 230 వోల్టుల కరెంటును 12, 5 వోల్టులకు తగ్గించి లోపలి భాగములకు పంచునట్టి పెట్టె కాలిపోయినదని చెప్పి, దానిలో ఉబ్బిపోయిన కెపాసిటర్లను చూపించెను. అది మార్చుట గంట పనియే. అయితే హార్డుడిస్కును కూడ పరీక్షింపవలెను, తొమ్మిది దినములు ఆగుడనెను.

ప్రియ చదువరులారా, ఆ దినములను గూర్చి దాపరికము లేక చెప్పుదుము. మొదటి రెండు దినములు మేము విశ్రమింపలేదు, విసుగుకొంటిమి. అలవాటు చొప్పున బల్లయొద్ద కూర్చుండి, ఖాళీ చోటు చూచి లేచుచుంటిమి. మూడవనాటి సాయంకాలము ఊరిలోనికి బయలుదేరితిమి. దీపములు పెట్టు వేళ ఏ అరుగుమీద ఎవరు కూర్చుందురో మేము మరచి ఎన్ని నెలలాయెనో! ఒక ముసలాయన తన కంటి ఆపరేషను సంగతి చెప్పెను. అది జరిగి మూడు నెలలైనదట. ఆ రాత్రులు మాకు నిద్ర బాగుగా పట్టెను. ఇది దేవుడిచ్చిన విశ్రాంతియని ఇంట చెప్పుకొంటిమి కూడ.

అంత సులువుగా చెప్పవచ్చునా?

ఏడవ యేట భూమికి విశ్రాంతి నియ్యవలెనని లేవీయకాండము 25వ అధ్యాయములో ఆజ్ఞ యున్నది. జనులు ఇయ్యలేదు. వారు చెరకు పోయిన తరువాత దేశము బీడుపడి, తనకు రావలసిన విశ్రాంతిని 70 సంవత్సరములు తీర్చుకొనెనని దినవృత్తాంతముల రెండవ గ్రంథము చివరి అధ్యాయము తెలుపుచున్నది. భూమికి విశ్రాంతి దొరకెను, నిజమే. చెరలో నున్నవారు దానిని విశ్రాంతి యనిరా?

అయిదవ దినమున ఒక తల్లి తన కుమార్తె పెండ్లి రిజిస్టరు నకలు కొరకు వచ్చెను. కంప్యూటరు చెడినది, వచ్చేవారము రమ్మంటిమి. ఆమె ఏమియు అనలేదు. కూలి మానుకొని వచ్చినదని తరువాత మా గృహిణి చెప్పెను. రిజిస్టరు పుస్తకము బీరువాలోనే యున్నది; కలము జేబులోనే యున్నది. అచ్చు కాగితమునకు అలవాటుపడి చేతితో వ్రాయవచ్చునన్న సంగతియే మాకు తోచలేదు!

నిర్గమకాండము 23వ అధ్యాయములో విశ్రాంతి దినము ఎవరి కొరకో చెప్పుచోట ఎద్దు, గాడిద, దాసి కుమారుడు, పరదేశి కనబడుదురు. యజమానుని అలసట మాట ఆ కారణములలో లేదు.

ఆ రాత్రియే నకలు వ్రాసి, ముద్ర వేసి, తెల్లవారుజామున ఆమె ఇంటికి తీసికొనిపోతిమి. ఆమె మిరప కోతకు పోవుటకై సద్ది కట్టుకొనుచుండెను. “మీరెందుకొచ్చారు అయ్యగారూ, కబురు పంపితే నేనే వచ్చేదాన్ని గదా” అనెను. మానుకొన్న దినపు కూలి ఇయ్యబోగా పుచ్చుకొనలేదు.

పదియవ దినమున కంప్యూటరు బాగుపడి వచ్చెను. డిస్కు చెడలేదట.