కరువు కాలపు నిరీక్షణ

1876లో వానలు మొహం చాటేశాయి. మరుసటి ఏడూ ఆదుకోలేదు. తెలుగువాళ్ళు ధాత కరువుగా చెప్పుకున్న ఆ విపత్తు మద్రాసు ప్రెసిడెన్సీని, మైసూరును, హైదరాబాదు, బొంబాయి ప్రాంతాలను 1878 దాకా పీడించి లక్షల ప్రాణాలు తీసింది. అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉన్న ఒంగోలు తాలూకాలో మాదిగ పల్లెలు ముందుగా ఖాళీ అయ్యాయి. సెంటు భూమి లేనివాళ్ళకు కరువు మొదటి నెలలోనే ఇంట్లోకి వస్తుంది.

కష్టకాలంలో క్రైస్తవ కుటుంబాల్లో తరచూ వినిపించే మాట, ‘ప్రభువు చేతికి అప్పగించేశాం’ అన్నది. ఆసుపత్రి వరండాలో, అప్పులవాళ్ళు గుమ్మం ముందు కూర్చున్నప్పుడు, పిల్లవాడి ఉద్యోగం పోయినప్పుడు ఆ మాటే ఊతం. ఇంతకీ అప్పగించేది దేన్ని? చేయవలసిన పనినా, ఆ పని ఎలా ముగియాలన్న పట్టుదలనా? ఈ రెండూ ఒకటి కావని ఒంగోలు కరువు చెప్పినంత స్పష్టంగా చాలా ప్రసంగాలు చెప్పలేవు.

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ 1866లో ఒంగోలు వచ్చి స్థిరపడ్డాడు. మిషన్ పనిలోకి రాకముందు అమెరికాలో భూములు కొలిచే సర్వేయరుగా పనిచేసినవాడు. కరువు ముదిరాక ఆ పాత విద్య అక్కరకొచ్చింది. ప్రభుత్వం కరువు పనుల కింద బకింగ్‌హామ్ కాలువ తవ్విస్తుంటే, మూడున్నర మైళ్ళ మేర తవ్వే కాంట్రాక్టు తానే తీసుకున్నాడు. ఒక జట్టు పోతే మరో జట్టు వచ్చి మన్ను ఎత్తింది. ఆయన దగ్గరి తెలుగు బోధకులు మేస్త్రీల బాధ్యత చూశారు. పని ఆగినప్పుడు అలసినవాళ్ళ మధ్య కూర్చుని మాట్లాడారు. ప్రార్థన మానలేదు, పార కిందపెట్టలేదు.

అదే కాలంలో ప్రభుత్వ పనుల్లో మరో లెక్క నడిచింది. 1877లో ప్రభుత్వ ప్రతినిధి సర్ రిచర్డ్ టెంపుల్ సూచన మీద, పనిచేసే మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలని కూలి తగ్గించారు. పౌను అంటే అరకిలోకన్నా తక్కువ. అది మనిషిని నిలబెట్టే తిండి కాదని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. ఇది విశ్వాసం గురించిన వ్యాసంలో ఎందుకంటే, ఓర్చుకోండని ఎదుటివాడికి చెప్పడం చాలా సులువు. తన గాదె నిండుగా ఉంచుకుని, ఆకలితో ఉన్నవాణ్ణి దేవుడి మీద భారం వెయ్యమనడం భక్తి అనిపించుకోదు. ఆ సలహా ఇచ్చేవాడు ముందు తన చేతిలో ఉన్నదాన్ని వదులుకోవాలి.

క్లౌ వదులుకున్నది అలాంటిదే. కరువు పట్టిన మనిషికి పని చూపించేవాడి చేతిలో చాలా అధికారం ఉంటుంది. కాలువ మీద వేలమంది ఆయన మాట విన్నారు, చాలామంది బాప్తిస్మం ఇమ్మని అడిగారు. ఆయన ఇవ్వలేదు. దాదాపు పదిహేను నెలల పాటు బాప్తిస్మాలు ఆపేశాడు. కూడు కోసం వచ్చారో దేవుడి కోసం వచ్చారో తేల్చే తూకం మనుషుల దగ్గర లేదని ఆయనకు తెలుసు. వరసగా లెక్కలు రాసి అమెరికాకు పంపితే మెచ్చుకునేవాళ్ళు ఉండేవారు. పని ముగిశాక జనం చెదిరిపోవచ్చు, మళ్ళీ ఎన్నటికీ రాకపోవచ్చు. ఆ నష్టానికి సిద్ధపడటమే, ఈ వ్యాసకర్త దృష్టిలో, దేవుడికి అప్పగించడం.

పాతరోజుల్లోనూ ఆయనకు ఇలాంటి పరీక్షే ఎదురైంది. పై కులాల కుర్రాళ్ళు బడికి వస్తున్నారు; వాళ్ళ ద్వారా ఊళ్ళు కదులుతాయని ఆశ. ఈలోగా ఎర్రగుంట్ల పేరయ్య వంటి మాదిగ విశ్వాసుల వెంట వాళ్ళ బంధువులు రాసాగారు. వాళ్ళను చేర్చుకుంటే తాము రామని పెద్దకులాలవాళ్ళు చెప్పేశారు. క్లౌ, ఆయన భార్య హారియెట్ వేర్వేరు గదుల్లో బైబిలు తెరిస్తే, ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ఒకే భాగం కనిపించిందని ఆయన తన జ్ఞాపకాల్లో చెప్పుకున్నాడు. బలహీనులను దేవుడు ఏర్పరచుకున్నాడని చెప్పే భాగం అది. ముచ్చటపడి వేసుకున్న ప్రణాళిక పక్కకు పోయింది. మాదిగలే సంఘమయ్యారు.

1878 నడిమికి కాలువ పని ముగిసింది. ఇక ఇచ్చేందుకు డబ్బు లేదని క్లౌ కబురు పెట్టాడు. అయినా జనం వచ్చారు. తమ చేతుల కాయలు చూపించి, సాయం అడగడం లేదని, మళ్ళీ పంట పోతే చచ్చిపోతామని, చస్తే క్రైస్తవులుగానే చస్తామని వాళ్ళు అన్నట్టు ఆయన రాసుకున్నాడు. జూలై 3న ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ ఏడాది చివరికి ఆ సంఖ్య 9,606. నీళ్ళలో నిలబడి బాప్తిస్మం ఇచ్చినవాళ్ళు ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున.

బియ్యం కోసం మతం మారారన్న నింద అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. ఆకలి జ్ఞాపకం, సాయం చేసినవాడి మీద కృతజ్ఞత ఆ నిర్ణయంలో లేవనడం నిజాయితీ కాదు. కానీ సాయం ఆగాక వచ్చినవాళ్ళను కూటికి అమ్ముడుపోయారనడం అన్యాయం.

ఇంకో ప్రశ్న దీనికన్నా బరువైనది. నమ్మినవాళ్ళ పల్లెల్లోనూ కరువు మనుషులను మింగింది. ప్రార్థించిన తల్లుల ఒళ్ళోనూ బిడ్డలు పోయారు. వాళ్ళ విశ్వాసం చాలలేదని ఎవరైనా అంటే అది క్రూరత్వం. యోబు స్నేహితులు చేసిన తప్పు అదే. ఆ గ్రంథం చివర దేవుడు మందలించింది దేవుణ్ణి నిలదీసిన యోబుతో పాటు, ఆయన పక్షాన వకాల్తా పుచ్చుకున్న ఆ స్నేహితులను కూడా. అయితే సరిగా మాట్లాడినవాడని మెచ్చుకున్నది యోబునే. గెత్సేమనే తోటలో యేసు సైతం ముందు అడిగాడు, ఆ గిన్నె తొలగించమని మూడుసార్లు ప్రార్థించాడు. తండ్రి చిత్తానికి తలవంచడం ఆ కన్నీటిలోంచి వచ్చింది. ఏడుపును మింగేసి చిరునవ్వుతో సాక్ష్యం చెప్పాలని క్రైస్తవ విశ్వాసం ఎవరినీ అడగదు.

బాప్తిస్మం తర్వాత పల్లెల్లో బతుకు తేలికపడలేదు. జాతరలో డప్పు కొట్టబోమని, చచ్చిన గొడ్డు మాంసం తినబోమని, ఆదివారం పనికి రామని మాదిగ క్రైస్తవులు అన్నందుకు ఊరి పెద్దలు పలుచోట్ల వాళ్ళను వేధించారు. డప్పుతో పాటు ఊరిచ్చే గింజల మీద హక్కూ పోతుందని వాళ్ళకు తెలుసు. తెలిసే, వచ్చే ఏడు ఏం తింటామో తేలకుండానే, ఆ డప్పు దించారు.