వరుసలో ఉన్నవాని వంతు

1972లో వచ్చిన బజాజ్ చేతక్ స్కూటరు కొరకు సొమ్ము కట్టి ఏండ్ల తరబడి కాచుకొనవలసి వచ్చెడిది. లైసెన్సుకు మించి బండ్లు చేయుటకు అప్పట్లో కంపెనీకి వీలులేకుండెను. అందుచేత ధరపైన "ప్రీమియం" పలికెడిది.

ఇష్టపడి ఇచ్చిన పైసొమ్ము పుచ్చుకొనుట తప్పా అని కొందరు అడుగుదురు. తన వంతుకు వచ్చిన బండిని అమ్ముకొన్నవాడు తన సొత్తునే అమ్మెను. కాని పైసొమ్ము పుచ్చుకొని వెనుకవానికి ముందుగా బండి ఇచ్చిన డీలరు, మాట నమ్మి కూర్చున్న మరొకని వంతును అమ్మెను. ఆ బేరములో అతనిని అడిగినవారు లేరు.

పరిమితముగా చేసిన స్పోర్ట్స్ కారుకైనను, యరగేరలో యూరియా బస్తాకైనను న్యాయము ఒక్కటే. వ్యాపారము చేయు మన సహోదరులు దీనిని తలంచవలెనని మా మనవి.