ఈవా చేయి

దాస్యమును ఖండించుట వేరు, దాసుని చేయి పట్టుకొనుట వేరు. మొదటిది చేయుచు రెండవదానికి జంకెడు భక్తులు ప్రతిదేశమునను గలరు.

హారియెట్ బీచర్ స్టో యను అమెరికా రచయిత్రి 1852వ సంవత్సరమున గ్రంథముగా ప్రకటించిన ‘అంకుల్ టామ్స్ క్యాబిన్’ అను నవలలో ఓఫీలియా యట్టి భక్తురాలు. పారిపోయిన బానిసలను పట్టియిచ్చుటకు పౌరులు తోడ్పడవలెనని విధించిన 1850వ సంవత్సరపు శాసనమునకు నొచ్చి స్టో యీ కథ వ్రాసెను. ఓఫీలియా వెర్మాంటునుండి న్యూ ఆర్లియన్సునకు వచ్చి, తన జ్ఞాతియగు సెయింట్ క్లేరు ఇంటి పెత్తనము వహించెను. ఆతడు టాప్సీ యను ఎనిమిది తొమ్మిదేండ్ల నల్లపిల్లను కొని, విద్య నేర్పుమని యామె కప్పగించెను. తలిదండ్రులెవరో యెరుగని పిల్ల; వీపునిండ దెబ్బల మచ్చలు. ఓఫీలియా కుట్టుపని నేర్పెను, ధర్మపాఠములు వల్లెవేయించెను, శిక్షించెను. పిల్ల దొంగతనమును మానలేదు, కల్లలాడుటయు మానలేదు. పైగా తనయంత చెడ్డది లేదని గర్వముగా చెప్పుకొనెడిది!

ఒకనాడు సెయింట్ క్లేరు కూతురు ఈవా, టాప్సీని చెంత కూర్చుండబెట్టుకొని మంచిగా నుండరాదా యని యడిగెను. నేను నల్లదానను, ఓఫీలియమ్మ నన్ను ముట్టనైన నోర్వదు, ఇక మంచితనమెందులకని టాప్సీ బదులు పలికెను. అంటును పాటించిన దేశమున బుట్టిన మనకు ఆ మాట వివరింప నక్కరలేదు. వ్యాధిచే చిక్కియున్న ఈవా తన చేతిని ఆ పిల్ల భుజముపై నుంచి, నీ వారెవరును లేరు గనుకనే నిన్ను ప్రేమించుచున్నాననెను. కొరడాకు చెదరని కన్నులనుండి నీరు జలజల రాలెను. తెరచాటున విన్న ఓఫీలియా, తన యేవగింపు బిడ్డకు తెలియునని యనుకొనలేదని యొప్పుకొనెను. బిడ్డలకు తెలియనిదేమి?

ఈవాను దేవదూతగా, టాప్సీని వింతజంతువువలె చిత్రించిన రచయిత్రి వర్ణాభిమానమును తానును పూర్తిగా వీడలేదని విమర్శకులందురు. 1949లో జేమ్స్ బాల్డ్విన్ ఈ నవలను తీవ్రముగా ఖండించెను. ఆ నింద త్రోసివేయదగినది కాదు. అయినను ఓఫీలియా తరువాత చేసిన పనిని చూడుడు. ఈవా మరణించిన పిమ్మట, తన్ను ప్రేమించువారు లేరని యేడ్చు టాప్సీని ఆమె యక్కున జేర్చుకొనెను. అంతటితో ఊరకుండక, పిల్లను తన పేర వ్రాసి యిమ్మని, నేడే యిమ్మని సెయింట్ క్లేరును పట్టుబట్టెను. స్వేచ్ఛ నొసగుటకే యా పత్రము. ఆతడు ఆమె తొందరకు నవ్వుచునే వ్రాసి యిచ్చెను.

అనతికాలముననే సెయింట్ క్లేరు ఒక కలహమున కత్తిపోటు తగిలి మరణించెను. టాప్సీ ఓఫీలియావెంట వెర్మాంటునకు పోయెను. ఈవా ప్రేమించిన టామును సైతము విడిపింతునని తండ్రి కూతునకు మాట యిచ్చియుండెను; పత్రములు పూర్తి కాలేదు. టామును వేలము వేసిరి.